పార్టీ వేరైన బంధువుతో వాదించడం ఎలా

పండుగకు అందరూ చేరినప్పుడు రాజకీయాలు, మతం, కులం మాట ఎత్తకూడదని ముందే షరతు పెట్టుకునే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ షరతు వల్ల భోజనాల వేళ ప్రశాంతంగా గడిచిపోతుంది గానీ ఎవరి అభిప్రాయమూ మారదు, మెత్తబడదు; తనకు వంతపాడేవాళ్లు మాత్రమే ఉన్న గ్రూపుల్లో చేరి ఇంకా బిగుసుకుంటుంది. బడిలో ఏ భాషలో చదువు చెప్పాలి, రిజర్వేషన్లను ఎలా పంచాలి, గుడి నిర్వహణ ఎలా ఉండాలి అన్న ప్రశ్నలను సొంత మేనమామతోనో, బావతోనో, అత్తగారితోనో మాట్లాడలేనివారు వాటిని టీవీ చర్చలకూ, పార్టీల సోషల్ మీడియా విభాగాలకూ వదిలేసినట్టే. అందువల్ల వాదన మానుకొమ్మనే సలహా నాకు నచ్చదు. బంధుత్వం చెడకుండా, విషయం పక్కదారి పట్టకుండా వాదించడం నేర్చుకోదగిన పనే. అందుకు నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. జీవో గానీ, చట్టం గానీ, తీర్పు గానీ, నివేదిక గానీ, గొడవకు మూలమైన కాగితాన్ని ఇద్దరి మధ్యా పెట్టుకోవాలి. అది ఎంతవరకు తేల్చగలదో చూసి, తేల్చలేని దాని గురించి మాత్రమే వాదించుకోవాలి.

ముందుగా ఒక లెక్క

వాదనకు దిగేముందు ఎదుటిపక్షం ఎంత పెద్దదో గుర్తుచేసుకోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో 2019లో వైసీపీకి 151, తెలుగుదేశానికి 23 వచ్చాయి. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 వచ్చి, వైసీపీకి 11 మిగిలాయి. సీట్లు చూస్తే రాష్ట్రమంతా ఒకసారి ఇటు, మరోసారి అటు ఒరిగిపోయినట్టు అనిపిస్తుంది. ఓట్లు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. 2019లో ఓడిన తెలుగుదేశానికీ, 2024లో ఓడిన వైసీపీకీ కూడా నూటికి దాదాపు 39 ఓట్లు పడ్డాయి. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39 స్థానాలు వచ్చినా, రెండు పార్టీల ఓట్ల మధ్య తేడా సుమారు రెండు శాతమే.

కాబట్టి ఊరంతా మావైపే ఉందన్న మాట ఈ మూడు ఎన్నికల్లో దేనికీ సరిపోదు. పదిమంది కూర్చున్న హాల్లో ముగ్గురో నలుగురో అవతలి పక్షానికి ఓటేసి ఉండటం మామూలే, వారిలో ఒకరు మీ తోబుట్టువే కావచ్చు. అంతమందినీ అమ్ముడుపోయినవాళ్లుగా, కులపిచ్చి ఉన్నవాళ్లుగా, పథకాల డబ్బుకు ఆశపడ్డవాళ్లుగా జమకట్టేస్తే అక్కడితో వాదన అయిపోయినట్టే. ఆ మూడు మాటలనూ ముందే పక్కన పెట్టాలి. వాటిలో నిజం ఎక్కడా లేదని నేను అనడం లేదు. డబ్బు పంచడం, కులాన్ని చూసి టికెట్లు ఇవ్వడం అన్ని ప్రధాన పార్టీల మీదా ఉన్న ఆరోపణలే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి మీద వాటిని రుజువు చేసే కాగితం ఏదీ మీ దగ్గర ఉండదు.

కాగితం తేల్చేది, తేల్చనిది

ఆంధ్రప్రదేశ్ ఇళ్లలో ఏళ్ల తరబడి నలిగిన ప్రత్యేక హోదా వాదనను తీసుకోండి. హోదా విభజన చట్టంలోనే ఉందని, కేంద్రం ఆ చట్టాన్ని తొక్కిపెట్టిందని గట్టిగా నమ్మేవారు ఇప్పటికీ కనిపిస్తారు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని తెరిచి చూస్తే అందులో ప్రత్యేక హోదా ఇస్తామన్న సెక్షన్ ఉండదు. ఆ మాట ఉన్నది 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చేసిన ప్రకటనలో. అయిదేళ్ల పాటు ప్రత్యేక హోదా ఇస్తామని ఆయన సభలో చెప్పారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్రత్యేక సాయం ప్రకటించింది. ఇంతవరకు ఫోన్‌లో చూసుకుని తేల్చుకోవచ్చు, దీని కోసం గొంతు పెంచనక్కర్లేదు.

అది తేలిన తర్వాతే నిజంగా వాదించదగిన ప్రశ్న బయటపడుతుంది. బిల్లును ఆమోదింపజేసుకోవడానికి ఒక ప్రధాని సభలో ఇచ్చిన మాటకు తర్వాతి ప్రభుత్వం కట్టుబడాలా? కట్టుబడాలంటే నైతికంగానా, చట్టపరంగానా? హోదాకు బదులు ఇచ్చిన సాయం దానికి సమానమేనా? ఈ ప్రశ్నల మీద ఇద్దరు నిజాయితీపరులు కడదాకా విభేదించవచ్చు. చట్టంలో ఉందా లేదా అన్నదాని మీద మాత్రం అలా విభేదించడానికి వీలు లేదు. మన ఇళ్లలో ఎక్కువ గొడవలు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మొదలవుతాయన్నది నా అభిప్రాయం.

అసలు కాగితం సంపాదించడం అనుకున్నంత కష్టమేమీ కాదు. చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లోనూ, సుప్రీంకోర్టు తీర్పులు కోర్టు వెబ్‌సైట్‌లోనూ, వాటిలో కొన్నింటి తెలుగు అనువాదాలతో సహా, ఉచితంగా దొరుకుతాయి. జీవోల విషయమే కొంచెం చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు నుంచి కొంతకాలం వాటిని జనానికి కనబడేలా ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు. ఏ ప్రభుత్వమైనా తన ఉత్తర్వులను దాచుకుంటే ఇళ్లలో పుకార్ల మీద వాదించుకోవడం తప్ప జనానికి దారి ఉండదు. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాల బంధువులూ ఏకమై గట్టిగా అడగవచ్చు.

ఇంగ్లిష్ మీడియం వాదనను దగ్గరగా చూద్దాం

పార్టీ, కులం, భాష మూడూ ఒకేచోట చిక్కుపడిన వివాదం ఇది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 81వ నంబరు జీవో, దానిని సవరించిన 85వ నంబరు జీవో ప్రకారం 2020–21 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం రావాలి, తెలుగు గానీ ఉర్దూ గానీ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఈ రెండు జీవోలనూ కొట్టివేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రిటైరైన ఒక తెలుగు మాస్టారికీ, ఆయన తమ్ముడి కూతురికీ మధ్య దీని మీద సంభాషణ ఇలా మొదలైందనుకుందాం.

“బడుల్లోంచి తెలుగును తీసేశారమ్మా. అమ్మభాష లేకుండా పిల్లలు ఏమవుతారు?”

“తీసేయలేదు పెదనాన్నా. తెలుగు తప్పనిసరి సబ్జెక్టని జీవోలోనే ఉంది, ఇదిగో చూడండి.”

“సబ్జెక్టుగా ఉంటే సరిపోతుందా? లెక్కలూ సైన్సూ అర్థమయ్యేది ఏ భాషలో?”

“మీ బాధ అదైతే తెలుగు తీసేశారన్న మాట పక్కన పెట్టేద్దాం. అర్థమవడం గురించి మాట్లాడుకుందాం.”

ఇక్కడ ఆ అమ్మాయి చేసిన మంచిపని గమనించదగినది. పెదనాన్న తప్పు దొరికిందని సంబరపడకుండా, ఆయన మాటల్లో బలమైనది ఏదో గుర్తించి దానినే చర్చకు తీసుకుంది. మన శాస్త్ర గ్రంథాల్లో సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటిపక్షం వాదాన్ని, పూర్తిగా రాసిపెట్టే ఆచారం ఉంది; చాలాచోట్ల ఆ పూర్వపక్షం ఎంత బలంగా ఉంటుందంటే చదువుతున్నవాడు అదే సిద్ధాంతమేమో అనుకుంటాడు. ఇంట్లో కూడా జవాబు చెప్పేముందు ఎదుటివారి వాదాన్ని మీ మాటల్లో ఒకసారి చెప్పి, “నేనన్నది అదే” అని వారి చేత అనిపించుకోవాలి. అలా అనిపించుకోలేకపోయినంతసేపూ మీరు జవాబు చెబుతున్నది వారికి కాదు, మీ ఊహలోని ఇంకెవరికో.

కథ ఇంకా నడుస్తుంది. కాసేపటికి ఆ అమ్మాయికి చిర్రెత్తుకొచ్చి, “మీ మనవడు ఏ మీడియంలో చదువుతున్నాడో చెప్పండి పెదనాన్నా” అంటుంది. పెదనాన్న ముఖం ముడుచుకుంటుంది. ఆ రోజుల్లో సభల్లో, పత్రికల్లో తరచుగా వినిపించిన ప్రశ్న ఇదే. దీనిని వ్యక్తిగత దాడి అని కొట్టిపారేయడం సులువే గానీ అందులో పస ఉంది. ప్రైవేటు బడుల్లో ఇంగ్లిష్ కొనుక్కోగలిగిన కుటుంబాలు, కొనుక్కోలేని కుటుంబాల పిల్లలకు మాతృభాష గొప్పదనం బోధించడంలో ఉన్న అసమానత నిజం. రచయిత కంచె ఐలయ్య వంటివారు దళిత, వెనకబడిన కులాల పిల్లలకు ప్రభుత్వ బడుల్లోనే ఇంగ్లిష్ కావాలని చాలాకాలంగా వాదిస్తున్నది అందుకే. అయితే ప్రశ్నను మనవడి మీద పెట్టడం వల్ల ఆ పస వృథా అవుతుంది, ఎందుకంటే పెదనాన్న ఇప్పుడు మనవణ్ని కాపాడుకునే పనిలో పడతాడు. అదే ప్రశ్నను, “మనింటి పిల్లలకు మనం డబ్బు పెట్టి కొన్నదాన్ని, డబ్బు లేనివాళ్లకు ప్రభుత్వం ఇస్తానంటే ఎందుకు వద్దనాలి పెదనాన్నా?” అని అడిగితే ఆయన సమాధానం చెప్పి తీరాలి.

ఆయన దగ్గర సమాధానం లేకపోలేదు. “మనింట్లో హోంవర్క్ దగ్గర కూర్చోబెట్టి తప్పులు దిద్దేవాళ్లున్నారమ్మా. అక్కడ కూలికి వెళ్లొచ్చిన తల్లి ఏం దిద్దుతుంది? ముప్పై ఏళ్లు తెలుగులో పాఠం చెప్పిన టీచరు ఒక్క వేసవి సెలవుల శిక్షణతో సైన్సు ఇంగ్లిష్‌లో ఎలా చెబుతాడు?” అంటాడు. ఇప్పుడు చర్చ అసలైన చోటుకు చేరింది. టీచర్ల శిక్షణ, రెండు భాషల పాఠ్యపుస్తకాలు, ఏ తరగతిలో మార్పు మొదలుపెట్టాలి అన్నవి ఏ పార్టీవాళ్లకైనా ముఖ్యమైన సంగతులే, ముఖ్యమంత్రి ఎవరైనా తప్పించుకోలేనివే.

చట్టం విషయానికొస్తే ఇద్దరికీ చెరో ఆధారం దొరుకుతుంది. బోధన ఆచరణ సాధ్యమైనంత మేరకు పిల్లల మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ చెబుతుంది. పెదనాన్న దానిని చూపుతాడు. మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతపెట్టరాదని, ప్రాథమిక దశలో మాధ్యమాన్ని పిల్లల తరఫున తల్లిదండ్రులు ఎంచుకోవచ్చని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అమ్మాయి దీనిని చూపుతుంది. నిజానికి ఆ ఎంపిక హక్కు రెండువైపులా పదునున్నది. తెలుగు మీడియం కావాలనుకునే తల్లిదండ్రులకు ఆ దారి మూసేయడం కూడా ఎంపికను తీసేయడమే కదా అని పెదనాన్న అడగవచ్చు, అడగాలి కూడా. వాదన ఇక్కడికి చేరితే ఇద్దరూ పార్టీల పేర్లు ఎత్తకుండానే చాలాసేపు మాట్లాడుకోగలరు. ఏకాభిప్రాయం రాకపోయినా పర్వాలేదు.

మతం మాట వచ్చినప్పుడు

మతం దగ్గర కాగితం పద్ధతి పనిచేస్తుంది గానీ దానిని బయటికి తీసే వేళ మారుతుంది. 2024 సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, గత ప్రభుత్వ కాలంలో తిరుమల లడ్డూకు వాడిన నెయ్యిలో జంతు కొవ్వు కలిసిందని అన్నారు. మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి దానిని ఖండించారు. అక్టోబరు 4న సుప్రీంకోర్టు సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా సంస్థల అధికారులతో అయిదుగురి స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేసింది. ఈ రెండు తేదీల మధ్య గడిచిన రెండు వారాల్లో తెలుగు ఇళ్లలో జరిగిన వాదనలు గుర్తున్నవారికి ఈ భాగం అవసరం వెంటనే అర్థమవుతుంది.

అప్పుడు బయటికొచ్చిన ప్రయోగశాల నివేదికను చివరిదాకా చదివినవారు తక్కువ. నెయ్యిలో పరాయి కొవ్వు ఉందేమో చెప్పే కొన్ని విలువలు ఉండాల్సిన హద్దుల్లో లేవని అందులో ఉంది. అలా హద్దు దాటడానికి కారణం కాగల పదార్థాల జాబితాలో సోయా, పొద్దుతిరుగుడు, పామాయిల్ వంటి మొక్కల నూనెలూ ఉన్నాయి, చేపనూనె, గొడ్డు కొవ్వు, పంది కొవ్వు కూడా ఉన్నాయి. ఆవులకు పెట్టిన మేత వంటి కారణాల వల్ల ఒక్కోసారి తప్పు ఫలితం కూడా రావచ్చన్న హెచ్చరిక కూడా అదే నివేదికలో ఉంది. కాబట్టి ఆ కాగితం ఒక్కదాన్నే పట్టుకుని “రుజువైపోయింది” అనడమూ కుదరదు, “అంతా కట్టుకథ” అనడమూ కుదరదు. ఆ రోజుకు చెప్పగలిగింది అనుమానానికి ఆధారం ఉంది, దర్యాప్తు జరగాలి అన్నంతే.

కానీ ఆ రెండు వారాల్లో ఏడుకొండలవాడి ప్రసాదాన్ని కళ్లకద్దుకుని తిన్న ఒక పెద్దావిడ కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు ఆమె ముందు ప్రయోగశాల విలువలు చదవడం మొరటుతనం. ఆమె బాధ ఏ పార్టీదీ కాదు. మొదట ఆ బాధను వినాలి, ఒప్పుకోవాలి. నివేదిక గురించిన మాటలు, ఆ బాధను ఎన్నికల సరుకుగా మార్చి ఫార్వర్డ్ చేస్తున్న మేనల్లుడితో విడిగా మాట్లాడాలి. భక్తులతోనూ పార్టీ కార్యకర్తలతోనూ ఒకే గొంతుతో మాట్లాడేవారు ఇద్దరినీ పోగొట్టుకుంటారు.

మతం మీద వాదించేటప్పుడు ఎదుటివారు ప్రమాణంగా ఒప్పుకునే దాని నుంచే మొదలుపెట్టడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం, శాస్త్రం ఒప్పుకోదన్న పండితులకు శాస్త్ర ప్రమాణాలే ఎత్తి చూపి జవాబిచ్చారు. మానవత్వం పేరు మాత్రమే చెప్పి ఉంటే ఆ పండితులు అసలు వినేవారు కాదు. మీ మామగారు గ్రంథాన్ని నమ్మితే గ్రంథంతో, రాజ్యాంగాన్ని నమ్మితే రాజ్యాంగంతో మాట్లాడండి. మీరు ఆ గ్రంథాన్ని నమ్మకపోతే ఆ సంగతి దాచకుండా చెప్పి మరీ ఉటంకించండి, లేకపోతే అది నటన అవుతుంది.

ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ మీద కూడా సగం తెలిసిన వాదనలే ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన చట్టం ముస్లింలందరికీ రిజర్వేషన్ ఇవ్వలేదు. వెనకబడినవిగా గుర్తించిన వర్గాలను వెనకబడిన తరగతుల్లోని బీసీ-ఈ గ్రూపులో చేర్చి సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారిని మినహాయించింది. హైకోర్టు దానిని కొట్టివేసినా, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగించింది. ఆ వర్గాల గుర్తింపు నిజంగా వెనకబాటుతనాన్ని బట్టే జరిగిందా, మతాన్ని బట్టి జరిగిందా అన్నది ఆ తర్వాత వాదించుకోవలసినది.

ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నాం?

కొన్ని వాదనల్లో ఒకరికి అది కాలక్షేపం, ఇంకొకరికి బతుకు. ఎస్సీ రిజర్వేషన్‌ను ఉపకులాల గ్రూపుల వారీగా పంచే ఎస్సీ వర్గీకరణ అటువంటిది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మందకృష్ణ మాదిగ నాయకత్వంలో ఇందుకోసం దండోరా ఉద్యమం మొదలైంది. ఉమ్మడి రాష్ట్రం 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఆ పాత తీర్పును తోసిపుచ్చి రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని చెప్పింది. 2025లో తెలంగాణ తన 15 శాతం ఎస్సీ రిజర్వేషన్‌ను 1, 9, 5 గా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 గా మూడు గ్రూపులకు పంచాయి.

ఒక మాల కుర్రవాడు, ఒక మాదిగ కుర్రవాడు హాస్టల్ గదిలో దీని మీద వాదించుకుంటుంటే ఇద్దరి కళ్ల ముందూ రాబోయే గ్రూప్ 2 పరీక్షే కదలాడుతుంది. వాటా దక్కలేదని ముప్పై ఏళ్లు కొట్లాడిన మాట ఒకరిది, దళితుల ఐక్యత విడిపోతుందన్న భయం, తన గ్రూపుకు మిగిలే సీట్లు ఎన్నన్న ఆందోళన ఇంకొకరిది. బయటివారు, ముఖ్యంగా ఈ రిజర్వేషన్‌తో సంబంధం లేని కులాలవారు, ఆ గదిలో తీర్పరి కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు ఎప్పుడూ ఎబ్బెట్టుగానే కనిపిస్తుంది. చేయదగినది ఏమిటంటే ముందు అడగడం: మీ ఇంట్లో మొదటి ఉద్యోగం ఎవరికి వచ్చింది, మీ ఊళ్లో ఆ పోస్టులు ఎవరికి దక్కాయి, ఈ పంపకంతో మీ లెక్క ఎలా మారుతుంది అని. సమాధానం విన్న తర్వాత కూడా మీకు అభిప్రాయం ఉంటే చెప్పండి, తప్పులేదు.

ఇందుకు తిరగేసిన తప్పు కూడా ఉంది. అనుభవించినవారే మాట్లాడాలి, మిగతావారు నోరు మూసుకోవాలన్న నియమం పెడితే చర్చే ఉండదు. అమెరికా నుంచి ఫోన్ చేసి అమరావతి గురించో, పథకాల గురించో పాఠం చెప్పే తమ్ముడిని “నువ్వు ఊళ్లో లేవు, నీకేం తెలుసు” అని ఆపేయడం అటువంటిదే. అతనికి రోడ్డు గుంత తెలియకపోవచ్చు, బడ్జెట్ పత్రం చదివి ఉండవచ్చు. ఏ పేజీలో ఉందో చెప్పమని అడగండి.

పెద్దరికం, వరుసలు

వాదన ఎంత చక్కగా చేసినా మన ఇళ్లలో అది సమానుల మధ్య జరగదు. నలుగురి ముందు పెద్దాయన మాట తప్పని తేలితే ఆయనకు పోయేది వాదన కాదు, పరువు. అందువల్ల పెద్దలతో విభేదాన్ని వరండాలోనో, పొలం గట్టు మీదో, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడాలి. బావామరదుల వరుస ఈ విషయంలో వరం. పరాచికాలకు అనుమతి ఉన్న వరుస కాబట్టి పార్టీల మీద ఎంత ఎకసెక్కమాడుకున్నా చెల్లుతుంది. కొందరు తెలివైన ఇల్లాళ్లు చెప్పించాలనుకున్న మాటను బావగారి నోట మామగారికి చేరవేస్తారు.

కొత్త కోడలి విషయం వేరుగా చెప్పాలి. ఆమె పుట్టిల్లు ఒక పార్టీ, అత్తిల్లు ఇంకో పార్టీ కావడం చాలా సాధారణం. “మీవాళ్లు ఇలా చేశారు” అని ఆమెను పుట్టింటి పార్టీకి ప్రతినిధిని చేయడం, ఓటు ఎవరికి వేశావని అడగడం అన్యాయం. ఓటు రహస్యంగా వేసే ఏర్పాటు ఇంట్లోవాళ్ల నుంచి కూడా కాపాడటానికే. ఆమె తనంతట తాను వాదనకు దిగితే మాత్రం కోడలన్న సంకోచం లేకుండా వినాలి, ఎదురు చెప్పాలి. మర్యాద పేరుతో ఆమె మాటను చిరునవ్వుతో దాటవేయడం ఇంకో రకం అవమానం.

ఫ్యామిలీ గ్రూపులో

వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపు వాదనకు తగిన చోటు కాదు, ఎందుకంటే అక్కడ ప్రతి జవాబునూ నలభైమంది ప్రేక్షకులు చూస్తుంటారు. తప్పుడు సమాచారం వస్తే పంపినవారికే విడిగా మెసేజ్ పెట్టండి. “పిన్నీ, ఈ వీడియో పాతదిలా ఉంది, ఒకసారి చూడండి” అన్న ఒక్క వాక్యం చాలు. తొలగించే గౌరవం ఆమెకే వదిలేయండి. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అటువంటివాటిని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది, ఆ అడ్డంకే మీకొక హెచ్చరిక అనుకోండి.

చట్టాన్ని కూడా మరిచిపోకూడదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసినంత మాత్రాన ఏది పంపినా చెల్లుతుందని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం 196వ సెక్షన్ కింద, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా కించపరచడం 299వ సెక్షన్ కింద నేరాలు. గ్రూపు అడ్మిన్ అయిన పెద్దబ్బాయి ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఆపాల్సిన చోటు

మూడు గుర్తులు కనిపిస్తే ఆపేయాలి: చెప్పిన మాటే మూడోసారి చెబుతున్నప్పుడు, నాయకుల భార్యాపిల్లల ప్రస్తావన వచ్చినప్పుడు, “మరి మీవాళ్లు అప్పుడు చేసిందేమిటి?” అన్న ప్రశ్న దొర్లినప్పుడు. మూడోది కొంచెం భిన్నమైనది. రెండు పక్షాలకూ ఒకే కొలబద్ద వాడమని అడగడం న్యాయమే, జవాబు తప్పించుకోవడానికి అడగడం మాత్రం కాదు. “అది కూడా మాట్లాడుకుందాం, ముందు ఇది పూర్తి చేద్దాం” అని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, నిజంగానే తర్వాత మాట్లాడండి. పదేపదే అదే చేస్తే ఎదుటివారికి ఆ రోజు విషయం మీద ఆసక్తి లేదని గ్రహించి టీ అడగండి.

చావు ఇంట్లో, పెళ్లి పీటల దగ్గర, పోలింగ్ ముందు రెండు రోజులు, ఫలితాల రోజు సాయంత్రం వాదన పెట్టుకోకండి. ఓడిన పక్షం బంధువుకు ఆ సాయంత్రం ఫోన్ చేయాల్సి వస్తే పంట గురించో, పిల్లల చదువు గురించో మాట్లాడండి. తాగి ఉన్నవారితో ఏ రోజూ వద్దు.

తేలని విషయాలు మిగిలితే ఎవరు ఏది చూసి చెప్పాలో అక్కడే పంచుకోండి. బాబాయి తీర్పులోని ఆ పేరా చదవాలి, మీరు టీచర్ల శిక్షణకు ఏటా ఎంత కేటాయించారో బడ్జెట్‌లో చూడాలి అన్నట్టు. జీవో నంబరూ, తీర్పు తేదీ అప్పటికప్పుడే ఇద్దరి ఫోన్లలోనూ రాసుకోండి, లేకపోతే మళ్లీ కలిసినప్పుడు మొదటి అరగంట వాటిని గుర్తు తెచ్చుకోవడానికే సరిపోతుంది.